మూడు వచనాల పైన

జూన్ 4

ఈరోజు బైబిలు వాక్యాల బోర్డులు రాసే మా దుకాణం నుంచి రొట్టెలాయనకి సాతాను మాట అమ్మాం. బేరం కుదిర్చింది బావ. అద్దం మీద రాసింది అక్క. మోసుకెళ్ళి, ఆయన బల్ల వెనక గోడకి మేకు కొట్టి తగిలించి వచ్చింది నేను.

"రొట్టె అన్న మాట ఉన్న వాక్యం ఏదైనా సరే, అక్షరాలు మాత్రం దూరానికి కనపడాలి" అన్నాడు రొట్టెలాయన. బావ బైబిలు వెనక ఉన్న పదాల పట్టిక తీసి, రొట్టె దగ్గర వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయాడు. పొట్టిగా ఒకటి దొరికింది. ఈ రాళ్ళు రొట్టెలయ్యేలా చెయ్యి అన్నది. బోర్డుకి కొలిచినట్టు సరిపోయింది. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎందుకన్నారు? అడగడానికి మనిషి ఉంటేగా! తిరిగొచ్చాక నేను తీసి చూశాను. అరణ్యంలో ఆకలితో ఉన్న ప్రభువుని రెచ్చగొట్టడానికి అపవాది అన్న మాట అది.

బావ కడుపు పట్టుకుని నవ్వాడు. "రొట్టె ఉందా లేదా?"

"ఉంది గానీ..."

"ఉందిగా. ముందూ వెనకా కూడా రాయాలంటే చోటు చాలదురా, కరపత్రం."

సంచీ నిండా కరపత్రాలుంటాయని నా పేరు అదే అయిపోయింది ఈ ఇంట్లో. దుకాణంలోకి నేను వచ్చిన దగ్గర్నుంచీ ఈ 'చోటు చాలదు' వింటూనే ఉన్నాను. సగం వాక్యం ఎగరగొట్టడం, పైగా చోటు చాలదనడం. అద్దం ఎంతుంటే దేవుడు అంత మాట్లాడాలన్నమాట!

అక్క కడుపు అడ్డొచ్చి, బల్లకి పక్కగా తిరిగి కూర్చుని రాస్తోంది. "ఎందుకురా అంత ఆవేశం? రొట్టె బాగుంటే వాక్యం ఎవడు చదువుతాడు, మాడిపోతే వాక్యం ఎవడు నమ్ముతాడు?" అంది తల ఎత్తకుండానే. అద్దానికి వెనకవైపు నుంచి, తిరగేసిన అక్షరాలు, ఒక్కటి కూడా తొణకదు. ఆ చేతికి ఉన్న నిదానం నా నోటికి లేదని తనే అంటుంది.

'ముందు వెనకలు చదవండి' కరపత్రం మళ్ళీ తీసి చదివాను. ప్రతి మాటకీ ఒక నోరు ఉంది, ఒక చెవి ఉంది. రెండూ తెలియకుండా ఆ మాట ఎత్తుకోకండి. ఈ ఒక్క ముక్క సంఘమంతటికీ తెలిస్తే చాలు.

జూన్ 9

మామయ్యనయ్యాను.

ఇంకా నెలలు నిండలేదు. వాడు తొందరపడ్డాడు. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. బావ అరచెయ్యి చాపి "ఇంతేరా" అని చూపించాడు.

అక్క ఒక్కటే అడిగింది. దుకాణం గుమ్మం మీద ఉన్న వాక్యం చిన్నది ఒకటి రాసి తెమ్మంది, ఆ పెట్టెకి తగిలించడానికి. నీ మొదలు కొద్దిపాటిదే అయినా చివరికి ఎంతో వృద్ధి పొందుతావు అన్నది. మేం దుకాణం తెరిచినరోజు మా చర్చి అయ్యగారు మా కోసం ఏరి ఇచ్చిన వాక్యం. ఊళ్ళో సగం ఇళ్ళలో మేం రాసిందే ఉంటుంది.

"వాడి కోసమే పుట్టినట్టుంది కదరా ఆ మాట" అంది అక్క.

నేనే రాశాను. అరచేతంత అద్దం. ఒక్క అక్షరం వంకర పోలేదు. నర్సమ్మ పెట్టె అంచుకి టేపుతో అంటించింది.

జూన్ 14

చెంచాడు పాలు మింగాడట. అక్క నవ్విందట.

జూన్ 16

రొట్టెలాయనకి ఊరికే కొత్త బోర్డు రాసిస్తానని వెళ్ళాను. వద్దన్నాడు. అది పెట్టాక అమ్మకాలు పెరిగాయట.

జూన్ 21

కొత్త కరపత్రాల కట్ట వచ్చింది. 'ఎడాపెడా వాడుతున్న వాక్యాలు' అని ఒకటి. రెండో పేజీలోనే ఉంది. మొదలు కొద్దిపాటిదే అయినా.

నమ్మలేదు. బైబిలు తీశాను. యోబు గ్రంథం, ఎనిమిదో అధ్యాయం. దేవుడు అన్న మాట కాదు. ప్రవక్త అన్నదీ కాదు. బిల్దదు అనేవాడు, యోబు స్నేహితుడు, అన్నాడు. బిడ్డలందర్నీ ఒక్కరోజే పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న తండ్రిని పరామర్శించడానికి వచ్చి, నువ్వు సరిగ్గా ఉంటే బాగుపడతావులే అని వాదన పెట్టుకున్నాడు. మూడు వచనాల పైన ఇంకా ఘోరం. నీ పిల్లలు పాపం చేసే ఉంటారు, అందుకే ఆయన వాళ్ళని వదిలేసి ఉంటాడు అంటాడు. ఇదా మనం గుమ్మాల మీద తగిలించేది!

ఈ నోరా, ఈ చెవా!

అయ్యగారికి ఇన్నేళ్ళుగా కళ్ళు లేవా? పైన మూడు వచనాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది?

అక్కకి చెప్పాలి. చెప్పకపోవడం అబద్ధం ఆడినట్టే.

జూన్ 23

ముందు బావకి చెప్పాను. విన్నాడు. చేతిలో కుంచె సీసాలో పెట్టాడు, చాలా నెమ్మదిగా.

"ఆ అద్దంముక్క చూసుకుని మీ అక్క ఊపిరి తీసుకుంటోంది. వాడు ఒక ఊపిరి, ఇది ఒక ఊపిరి. ఎవరన్నారో, ఎవరితో అన్నారో తర్వాత చూసుకుందాం. ముందు వాణ్ణి ఇంటికి రానీ."

"అబద్ధం మీద ఎంతకాలం..."

"ఒరే! మీ అక్క దగ్గర నోరు జారావో, నా గుమ్మం తొక్కొద్దు."

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. నా అక్కతో నేను మాట్లాడకూడదని ఈయన చెప్పడం!

సరే అన్నాను. బాబు ఇంటికొచ్చేదాకా.

జూన్ 25

అయ్యగారి దగ్గరికి వెళ్ళాను, కడిగేద్దామని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ అధ్యాయం అంతా వేలితో చదువుకున్నారు. "నిజమే బాబూ" అన్నారు. "నేను చూసుకోలేదు. ఎంతమందికి ఇచ్చానో."

వాదన పెట్టుకుంటారనుకున్నాను. ఏమిటో, తిట్లు తిన్నవాడిలా తిరిగొచ్చాను.

జూలై 2

బాబు పోయాడు.

జూలై 4

ఈరోజు సత్యం చెప్పాను. నిలబడి చెప్పాను. అందుకు నాకు సిగ్గులేదు.

ఇల్లంతా జనం. అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో ఆ అద్దంముక్క. ఆసుపత్రి వాళ్ళు టేపు పీకి ఇచ్చేశారు. సంఘంలో ఆడవాళ్ళ కూడిక నడిపే ప్రార్థన పెద్దమ్మ పక్కన చేరి, అక్క వీపు నిమురుతూ అంది, "వాగ్దానం చేతిలో ఉండగా బిడ్డ పోయాడంటే, ఎక్కడో విశ్వాసంలో లోటుందమ్మా. మనసు వెతుక్కో తల్లీ. ఊరికే జరగవు ఇలాంటివి."

నా తల పేలిపోయింది.

"ఏం లోటు లేదు! అది దేవుడి వాగ్దానమే కాదు!" అన్నాను. "దేవుడు ఆ మాట అనలేదు. మా అక్కతో అనలేదు, ఎవరితోనూ అనలేదు. ఎవడో దారినపోయేవాడి మాట తెచ్చి మీరంతా గోడలకి కొట్టుకుని, ఇప్పుడు మా అక్కని వెతుక్కోమంటారా? మీరు వెతుక్కోండి పెద్దమ్మా, ఎనిమిదో అధ్యాయంలో!"

బావ "ఒరే, ఒరే" అంటూనే ఉన్నాడు. నేను బైబిలు తెచ్చి, పేజీ తెరిచి, అక్క ఒళ్ళో ఆ అద్దం మీదే పెట్టాను. "నువ్వే చదువక్కా. ఒక్క వాక్యం కాదు, అధ్యాయం మొత్తం చదువు."

పెద్దమ్మ కొంగు దులుపుకుని లేచిపోయింది.

అక్క నావైపు చూసింది. "అయితే మావాడికి దేవుడు ఏమీ చెప్పలేదా?"

"చెప్పలేదక్కా. నేననేది అదే. నీ తప్పేం లేదు. ఆ బరువు దించేసుకో."

తల ఊపింది. అర్థమైంది. ఎంత బరువు దిగి ఉంటుందో.

జూలై 6

అక్క చదువుతోంది. ఏడవడం లేదు. కరపత్రంలో చెప్పిన మాట నిజం, ముందు వెనకలు తెలిస్తే మనసు నిలబడుతుంది.

బావ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోయె, రాత్రిళ్ళు దుకాణంలోనే పడుకుంటున్నాను.

జూలై 8

కూడికకి బయల్దేరుతుంటే అక్క పిలిచింది. "మూడు వచనాల పైన ఉన్నది చూశావా నువ్వు?"

"చూశాను. అందుకేగా చదవమన్నది. ఎలాంటి మనిషి అన్న మాటో తెలుస్తుంది."

"ఇంకా ముందుకి ఏమైనా ఉందా?"

"ఉంది గానీ అంతా వాదనలే. ఒకరి మీద ఒకరు. నీకు కావలసింది ఇక్కడే ఉంది" అన్నాను. ఆలస్యమైపోతోంది. ఈరోజు మాట్లాడాల్సింది నేనే మరి, వాక్యాల దుర్వినియోగం గురించి.

బాగా మాట్లాడానన్నారు.

జూలై 11

అక్క దుకాణానికి వచ్చింది! ఎవరితోనూ మాట్లాడలేదు. గుడ్డకి టర్పెంటైన్ పట్టించి గుమ్మం మీది బోర్డు తుడిచేసింది. ఎన్నాళ్ళుగానో నేను చెయ్యాలనుకున్న పని. మెచ్చుకుందామని దగ్గరికెళ్తే, ఆరబెట్టిన బోర్డులు కూడా తుడుస్తోంది. "అవి సరైనవేనక్కా, నేను చూశాను" అన్నాను. వినలేదు. బావ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు.

పోయేటప్పుడు నల్లరంగు డబ్బా, సన్నకుంచె తీసుకెళ్ళింది. మళ్ళీ పని మీద మనసు పడింది. మంచిదే.

చిక్కింది. తినడం లేదనుకుంటా.

జూలై 14

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బావ పొద్దున్నే దుకాణానికి వచ్చి "రా" అన్నాడు. అంతే. ఇంట్లో లోపలి గదిలో ఖాళీ ఉయ్యాల. దాని పైన మేకుకి ఆ అరచేతి అద్దం. నేను రాసింది తుడిచేసి ఉంది. దాని మీద అక్క రాసింది. తన చేతి అక్షరాలే, ఒక్కటి కూడా తొణకలేదు. నీ పిల్లలు పాపం చేసి ఉంటారు అన్నది. మూడు వచనాల పైన ఉన్నది. చోటు చాలక మిగతాది వదిలేసింది.

అక్క మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుంది.

బావ గొంతు తగ్గించి చెప్పాడు. కడుపుతో ఉందని తెలిసినరోజు అక్క ఏడ్చిందట. దుకాణం ఇప్పుడిప్పుడే నిలబడుతోంది, ఇప్పుడే ఎందుకు వచ్చింది ఈ కడుపు అని. ఒక్కపూట. మర్నాటికి ఉన్ని కొనుక్కొచ్చి టోపీ అల్లడం మొదలుపెట్టింది. "ఆ ఒక్కపూట ఏడుపే వాణ్ణి తినేసిందంటోందిరా. వాడేం పాపం చేస్తాడు, కళ్ళే తెరవలేదు, కాబట్టి నాదే అంటోంది. కాదే అంటే, పుస్తకంలోనే ఉంది, తమ్ముడే తెచ్చి చూపించాడంటోంది."

"అది బిల్దదు అన్న మాట బావా! దేవుడు..."

"నాకెందుకు చెప్తావు?" అన్నాడు. "తిండి మానేసింది. నీళ్ళు కూడా నేను పట్టుకుని తాగిస్తున్నాను. ఇదీ నువ్వు దించిన బరువు."

గుమ్మం తొక్కొద్దు అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూలై 15

చదివాను. దుకాణం మెట్టు మీద కూర్చుని, మొదట్నుంచి చివరిదాకా. ఇంతకుముందు ఎప్పుడూ చదవలేదు. కథ తెలుసు కదా అనుకున్నాను.

మొదట్లోనే ఉంది. స్నేహితులు వచ్చి, యోబుని దూరం నుంచి చూసి, గుర్తుపట్టలేక ఏడ్చి, అతని పక్కన నేలమీద కూర్చున్నారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు ఒక్కరూ ఒక్కమాట మాట్లాడలేదు. అతని బాధ అంత పెద్దదని చూశారు కాబట్టి. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత నోరు తెరిచారు.

చివర్లో దేవుడు మాట్లాడతాడు. స్నేహితుల మీద కోపం వచ్చిందంటాడు. మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదంటాడు.

కరపత్రంలో ఈ రెండూ లేవు. ఉన్నది రెండో పేజీలో నాలుగు ముక్కలు. చోటు చాలలేదేమో.

జూలై 16

చివరి అధ్యాయంలో గుర్తు పెట్టుకుని పరుగెత్తాను. "అక్కా, ఇదిగో, దేవుడే అన్నాడు చూడు, ఆ మాట తప్పని..."

తిరగలేదు. గోడతోనే అంది. "మళ్ళీ ఇంకోటి తెచ్చావా? ఏదీ, ఏ అద్దానికి?"

అంతే.

పుస్తకం మూసేశాను. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. నేలమీద కూర్చున్నాను. చీకటి పడుతుంటే బావ వచ్చి, చూసి, ఏమీ అనకుండా తలగడ ఒకటి నా వీపు వెనక పెట్టి వెళ్ళాడు.

జూలై 17

కూర్చున్నాను.

జూలై 18

కూర్చున్నాను. ఎన్ని మాటలు వస్తాయో నోటికి! ఒక్కటీ పనికిరాదు.

సాయంత్రం అక్క నీళ్ళడిగింది. నన్నే.

జూలై 20

"ఏంట్రా, మీ కూడికలు లేవా?" అంది అక్క. గొంతు బొంగురుగా ఉంది.

"మానేశాను."

"ఇన్నిరోజులు నోరు మూసుకుని ఉండటం నీ ఒంటికి మంచిది కాదురా." పుస్తకం చూపించి, "మొదట్నుంచి చదువు. నువ్వు చదువు. ఏదీ ఎగరగొట్టకు" అంది.

మొదలుపెట్టాను.

జూలై 23

ఎనిమిదో అధ్యాయం ఈరోజు. పుస్తకం మూయబోయాను. "చదువు" అంది. ఆ వచనం దగ్గర ఆగితే మళ్ళీ "చదువు" అంది. చదివాను. దాన్ని దాటి చదివాను. తొమ్మిదిలో యోబు జవాబిస్తాడు. అక్క లేచి కూర్చుంది.

"ఈ బిల్దదు అచ్చం మన ప్రార్థన పెద్దమ్మే" అంది.

నవ్వొచ్చింది. నవ్వుతుంటే అంది, "నీలా కూడా ఉన్నాడు."

తర్వాతి వచనం చదివాను. బావ పాలు తెచ్చాడు. అక్క సగం గ్లాసు తాగింది, యోబు దేవుణ్ణి నిలదీస్తుంటే వింటూ. "గట్టోడే" అంది.

జూలై 28

ఈరోజు అయిపోయింది.

దేవుడు స్నేహితుల మీద కోప్పడే చోటు రెండుసార్లు చదివించింది. బావ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అయితే పిల్లల గురించి అన్నదీ?" అంది అక్క.

"అదీ తప్పే."

"నువ్వంటున్నావా, అందులో ఉందా?"

"అందులో ఉంది."

అక్క ఏడ్చింది. బాబు పోయాక ఇదే మొదటిసారి ఏడవడం. ఏడవకపోతే అది నిలబడిన మనసు అని రాసుకున్నాను నేను, పైన ఎక్కడో. బావ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

సర్దుకున్నాక "ఆపావేం? ఇంకా ఉందిగా" అంది. మిగిలింది చదివాను. యోబుకి మళ్ళీ పిల్లలు పుట్టారు. కూతుళ్ళకి ఏం పేర్లు పెట్టాడో కూడా ఉంది.

"మొదటి పిల్లల పేర్లు లేవే?" అంది.

వెనక్కి వెళ్ళి చూశాను. లేవు.

"మావాడికీ పెట్టలేదు. ఇంటికొచ్చాక పెడదాం అనుకున్నాం."

దీనికి జవాబు ఏ కరపత్రంలోనైనా ఉందేమో, వెతకను.

అక్క లేచి ఉయ్యాల మీది అద్దం దించింది. టర్పెంటైన్ తెమ్మంది. తనే తుడిచింది, మూలల్లో గోటికి గుడ్డ చుట్టి. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని, బావ చెవిలో ఏదో అడిగింది. బావ తల ఊపాడు. సన్నకుంచె ముంచింది. నిదానంగా రాసింది.

నేనున్న వైపు నుంచి తిరగేసిన అక్షరాలే కనిపిస్తున్నాయి. లేచి అటువైపు వెళ్ళి చదివాను. మంచి పేరు. ఇక్కడ రాయను. అది వాళ్ళది.

"కింద చిన్నగా ఏదైనా వాక్యం వేద్దామా?" అన్నాడు బావ.

అక్క నావైపు చూసింది. నేను నోరెత్తలేదు.

"వద్దు" అంది, తడి అక్షరాల మీద ఊదుతూ. "చోటు చాలదు."